ఎవరూ లేని చోటు నుంచి ఫోన్

శుభవార్త వచ్చినప్పుడు పిట్ట స్టూలెక్కి కిటికీకి కర్టెన్ తగిలిస్తోంది. స్టూలు కదలకుండా పట్టుకోవాల్సిన మొగుడు, అది వదిలేసి ఆమె కాలి వేళ్లు లెక్కపెడుతున్నాడు.

"పదీ ఉన్నాయా?"

"ఒకటి తగ్గినా తిరిగి పంపించేద్దామని చూస్తున్నా."

పెళ్లయి నెల కాలేదు. ఆ చిన్న ఇంట్లో ఇద్దరికీ ఇంకా అన్నీ వింతే. గుమ్మంలో రెండు జతల చెప్పులు ఒకదాన్నొకటి ఒరుసుకుని పడి ఉండటం వింత. స్నానాల గది అద్దం మీది ఆవిరిలో ఎవరో పిచ్చిబొమ్మ గీసి వెళ్లడం వింత. ఒంటరిగా ఉన్నప్పుడు నెల వచ్చే సబ్బు వారానికే అరిగిపోవడం మరీ వింత.

ఫోన్ మోగింది. అతను ఎత్తాడు. "అవునా సార్? నిజంగానా సార్?" అని నాలుగుసార్లు అని పెట్టేశాడు. వచ్చి పిట్టను స్టూలు మీంచి అమాంతం ఎత్తి దించాడు.

"ఆఖరి జిల్లా కూడా కలిసిపోయింది పిట్టా! ఇక రాష్ట్రం మొత్తానికి ఒకటే నంబరు. సోమవారం లైన్లు తెరిచిన దగ్గర్నుంచి ఒక్కటంటే ఒక్క కాల్ కూడా జారిపోలేదట. పేపర్లో కూడా వేశారట. రేపు ప్రారంభోత్సవంలో మంత్రిగారి పక్కన నన్నూ నిలబడమన్నారు!"

"ఈ జేబు చిరిగిన చొక్కాతోనా?"

"నువ్వు పక్కనుంటే చొక్కా ఎవరు చూస్తారు?"

అతని సంతోషానికి కారణం లేకపోలేదు. నాలుగేళ్ల కిందటి వరకు పోలీసులకొక నంబరు, మంటలకొక నంబరు, అంబులెన్సుకి జిల్లాకో నంబరు. ఇల్లు తగలబడుతుంటే గోడమీద రాసుకున్న నంబర్లన్నీ వరసగా నొక్కుతూ కూర్చోవాలి. ఇప్పుడు ఏ మూల నుంచి ఫోన్ చేసినా మూడంకెలే, ఎత్తేది ఒకే పెద్ద హాల్లో. ఆ హాల్లో ఫోన్లు ఎత్తేవాళ్లకి పాఠం చెప్పేది ఇతనే. అందరూ మాస్టారు అంటారు. అలవాటైపోయి పెళ్లాం కూడా అలాగే పిలుస్తుంది.

కొత్త జిల్లా కలిసినప్పుడల్లా మాస్టారు ఉత్తుత్తి కాల్స్ చేయించేవాడు. నాటకాల కాలేజీ అమ్మాయిలు ఫోన్ చేసి గొంతు చించుకుని ఏడ్చేవాళ్లు. ఎత్తినవాళ్లు తడబడకుండా చిరునామా రాబట్టాలి. అదీ పాఠం.

"మంగళవారం ఒకమ్మాయి చేసింది చూడూ! ఖాళీగా ఉన్నాను కదాని నేనే ఎత్తాను. ఒళ్లు జలదరించింది. ఆ పిల్లకి చప్పట్లు కొట్టకుండా ఉండలేకపోయాను."

పిట్ట పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆమె చెవిలో ఆ రోజంతా ముల్లులా గుచ్చుకుంటుందని అప్పటికి తెలీదు.

అంతలో తలుపు చప్పుడైంది.

వచ్చినవాడు బస్సు డిపోలో మెకానిక్కు. ఎవడు సెలవు పెట్టినా అతని బదులు వీణ్ణే పిలుస్తారు కాబట్టి డిపోలో వీడి పేరు స్టెప్నీ. ఆరడుగుల మనిషి గుమ్మంలో పిల్లాడిలా చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"డిటెక్టివ్ మేడమ్ గారంటే..." అని మాస్టారి వైపు చూశాడు.

"నేనే. కూర్చోండి," అంది పిట్ట. ఎత్తు తక్కువ, గొంతు సన్నం కావడంతో కాలేజీలో పెట్టిన పేరది. చూపు వాలిన చోట గింజ దొరకకుండా లేవదని ఇప్పుడు పోలీసులు కూడా ఆ పేరే ఖాయం చేశారు.

"మా అక్కని ఇవాళ తెల్లవారగానే పట్టుకెళ్లారండి. రేపు పదింటికి కోర్టులో పెడతారట. బావని తనే చంపిందట."

మాస్టారు మంచినీళ్లు తెచ్చిచ్చి, హాలుకి టైమైందని వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఆమె జడ చివర లాగి మరీ వెళ్లాడు. స్టెప్నీ తల వంచుకుని చెప్పుకొచ్చాడు. అక్కా బావా కళ్లజోళ్ల దుకాణం నడుపుతారు. మంగళవారం మధ్యాహ్నం దుకాణంలోనే బావ తలకి దెబ్బ తగిలింది. బతికే ఉన్నాడు. ముప్పావుగంట తర్వాత పోయాడు. అక్క ఫోన్ చేశానంటోంది, ఎవరూ రాలేదంటోంది.

"ఇన్‌స్పెక్టర్ పేపర్ తెచ్చి అక్క మొహం మీద పెట్టాడండి. 'ఒక్క కాల్ కూడా జారలేదని ఇక్కడ అచ్చేశారు, మరి నీ కాల్ గాల్లో కలిసిపోయిందా?' అని నవ్వాడు."

పిట్ట లేచి చెప్పులు తొడుక్కుంది.

* * *

స్టెప్నీ జీపులో గంట ప్రయాణం. స్టేషన్లో ఉన్నది గడియారం. ఇన్‌స్పెక్టర్లందరిలోకీ త్వరగా కేసు మూస్తాడని ఆయనకి ఆ పేరు. మాట్లాడినంతసేపూ మణికట్టు చూసుకుంటాడు.

"రావమ్మా పిట్టా! కొత్త పెళ్లికూతురివి, ఏ కొండల్లోనో విహారం చేయక మా స్టేషన్ మీద వాలావేం?"

"మీరు తొందరపడ్డారని తెలిసింది. కొండలు ఎక్కడికీ పోవు కదా."

"తొందరా? సాక్ష్యాలు నోరు తెరిచి అరుస్తుంటే చెవులు మూసుకోమంటావా? విను. పొద్దున మొగుడూ పెళ్లాం గొడవపడ్డారు. 'పడి చావు' అని ఈవిడ అరవడం బజారంతా విన్నారు. మధ్యాహ్నం మూడింటికి వాడి తల పగిలింది. పక్కనే ఫ్రేములు వంచే ఇనపకడ్డీ, దానికి నెత్తురు. ఎదురుగా సెలూన్ ఆయన మూడుంబావుకి చూస్తే, ఈవిడ గుమ్మంలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అరవలేదు, ఎవర్నీ పిలవలేదు. ముప్పావుగంట! మొగుడు చస్తుంటే ఏ ఆడది అలా కూర్చుంటుంది?"

"అదే ఆవిణ్ణి అడగాలి."

"పది నిమిషాలు," అన్నాడు గడియారం, మణికట్టు చూసుకుని.

ఆవిడ నలభై ఏళ్ల మనిషి. మెళ్లో తాడుకి వేలాడే కళ్లజోడు. వేళ్ల చివర్లకి, గోళ్ల సందుల్లో ఎర్రటి పొడి ఇంకా వదల్లేదు.

"నెత్తురు కాదమ్మా," అంది ఆవిడ, పిట్ట చూపు గమనించి. "అద్దాలు మెరుగుపెట్టే పొడి. సబ్బుకి పోదు."

"పొద్దున ఏం గొడవక్కా?"

ఆవిడ తల దించుకుంది. "నిచ్చెన గొడవ. పై అరమీద దీపం బిగిస్తానని ఊగిపోయే నిచ్చెన తెచ్చాడు. వద్దన్నాను. నెలరోజుల్నుంచీ ఇదే వరస. విసుగెత్తి, ఎక్కితే ఎక్కు, పడి చావు అన్నాను." కళ్లజోడు తాడు వేలికి చుట్టుకుంది. "పద్దెనిమిదేళ్లు కాపురం చేసి ఆఖరికి ఆయన చెవిలో వేసిన మాట అదమ్మా. ఇన్‌స్పెక్టర్ గారు అది పదిమందిలో చదువుతుంటే నాకు బతకాలనిపించలేదు."

"ఎలా పడ్డాడు?"

"నేను వెనక్కి తిరిగి అద్దం మెరుగుపెడుతున్నాను. దభీమని చప్పుడు. ఇనప బల్ల అంచుకి తల కొట్టుకుంది. ఫోన్ పక్కనే ఉంది. ముందు రోజే మైకుల బండి చెప్పింది కదా, మూడంకెలు నొక్కితే చాలని. నొక్కాను. ఒకాయన ఎత్తాడు."

"ఎత్తాడా? మరి ఇన్‌స్పెక్టర్ గారితో ఏం చెప్పారు?"

"ఫోన్ చేశానని చెప్పాను."

"ఎత్తినాయన ఏమన్నాడో చెప్పలేదా?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"చెబితే నవ్వుతారమ్మా. నాకే నమ్మకం కలగటం లేదు. కంగారులో ఏదో తప్పుగా మాట్లాడుంటాను. నాకు సరిగ్గా చెప్పడం చేతకాలేదు, అందుకే ఎవరూ రాలేదు."

"నేను నవ్వనక్కా. ఒట్టు."

"ఆయన... నన్ను మెచ్చుకున్నాడు."

పొద్దున్న మాస్టారు చెప్పిన చప్పట్ల సంగతి పిట్టకి చటుక్కున గుర్తొచ్చింది. బయటకి మాత్రం, "ఏమని?" అని మామూలుగానే అడిగింది.

"బాగా చేశారు అన్నాడు. చాలా బాగా చేశారమ్మా, ఇక పెట్టేయండి అన్నాడు. బండి బయల్దేరింది కాబోలు అనుకున్నాను. గుమ్మంలో కూర్చున్నాను, వచ్చేవాళ్లకి కనబడాలని. ఆయన్ని కదపొద్దని తలుపుమీది కాగితంలో రాశారు, కదపలేదు. కంగారు పడొద్దని రాశారు, పడలేదు. లోపల్నుంచి ఆయన మూలుగు వినబడుతూనే ఉంది. వస్తున్నారు, వస్తున్నారు అని చెబుతూనే ఉన్నాను."

పిట్టకి ఆవిడ మొహంలోకి చూడబుద్ధి కాలేదు. బల్లమీద గీత ఒకటి కనబడితే దానివైపే చూస్తూ అడిగింది.

"చిరునామా ఏం చెప్పారు?"

"పాత నీళ్లట్యాంకు వెనక అని. మా దుకాణాల కొత్త షెడ్లు అంటే ఊళ్లోవాళ్లకే తెలీదు, ఎక్కడో కూర్చున్నవాళ్లకేం తెలుస్తుంది?"

* * *

దుకాణం ఒకే గది. గోడకి పెద్దవి మొదలు చిన్నవి వరకు వరసలు దిగే అక్షరాల బోర్డు, అద్దాల పెట్టెలు, అరగదీసే చక్రం. ఆ పక్కన ఇనప బల్ల. నిచ్చెన పడ్డ చోటే పడి ఉంది. పిట్ట మోకాళ్ల మీద కూర్చుని దాని కాళ్లు చూసింది. ఒకదానికి రబ్బరు తొడుగుంది. రెండోదానికి లేదు, చుట్టూ నేలమీద చక్రం నుంచి చిందిన నీళ్ల మరక.

తర్వాత ఫోన్ దగ్గరకి వెళ్లింది. పాత రకం, తీగతో ఉన్నది. చాలాసేపు అక్కడే వంగి నిలబడింది.

"ఏం, ఫోన్ మాట్లాడుతోందా?" గడియారం గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు.

"మీకంటే నిజమే చెబుతోంది. ఈ మీటలు చూడండి. నంబరు నొక్కిన చోట ఎర్రపొడి వేలిముద్రలు. రిసీవరు మీద కూడా పొడే. నెత్తురు చుక్క లేదు. చనిపోయినాయన చొక్కా మీద?"

"పొడీ ఉంది, నెత్తురూ ఉంది. పోయాక తల ఒళ్లో పెట్టుకుందిగా."

"అంటే ఆయన్ని ముట్టుకునేలోపే ఫోన్ చేసింది. ముట్టుకున్నాక చేసుంటే ఇక్కడ నెత్తురు అంటేది."

"ముందే ఫోన్ చేసి తర్వాత కొట్టిందేమో!"

"కొట్టబోయే ముందు అంబులెన్సుకి కబురు పెట్టే హంతకురాలు మీకు ఇదివరకు తగిలిందా?"

గడియారం ఫోన్ మీదికి వంగి చూశాడు.

"ఇంకొకటి. ఆ ఇనపకడ్డీ ఎక్కడుంది?"

కానిస్టేబులు సంచీలోంచి తీసి చూపించాడు. ఒక చివర నెత్తురు. పట్టుకునే చివర శుభ్రంగా ఉంది.

"ఆవిడ వేళ్లకి రెండురోజులైనా పొడి వదల్లేదు. ఈ కడ్డీ పట్టుకుని కొడితే పిడికి అంటకుండా ఉంటుందా? కడ్డీ బల్ల మీంచి దొర్లి నెత్తుట్లో పడింది, అంతే. నిచ్చెన కాలికి తొడుగు లేదు, కింద నీళ్లు. జారాడు."

"బాగుంది," అన్నాడు గడియారం. మొదటిసారి మణికట్టు చూసుకోవడం మర్చిపోయాడు. "జారాడనే అనుకుందాం. మరి కాల్ ఏదమ్మా? నేను స్వయంగా హాలుకి ఫోన్ చేసి అడిగాను. ఆ మధ్యాహ్నం ఈ బజారు నుంచి ఒక్క కాల్ రాలేదన్నారు. ఫోన్ కంపెనీవాళ్ల లెక్క రావాలంటే వారం. మీటలు ఊరికే నొక్కి, మొగుడు చచ్చేదాకా కూర్చుందని నేను కోర్టులో అంటాను. కాదనడానికి నీ దగ్గరేముంది? హత్య కాకపోతే చావనివ్వడం. జైలు మాత్రం జైలే."

పిట్ట గుమ్మంలోకి వచ్చింది. తలుపు మీద కొత్తగా అంటించిన కాగితం. పెద్దక్షరాల్లో మూడంకెలు. వాటికింద: గాయపడినవారిని కదపకండి. కంగారు పడకండి. వస్తున్నాం.

ఆ మూడు ముక్కలూ మాస్టారు ఇంట్లో వంటగది గట్టుమీద కూర్చుని రాశాడు. 'వస్తాం' అని ఉంటే 'వస్తున్నాం' అని దిద్దమని చెప్పింది తనే. అలా ఉంటే ధైర్యంగా ఉంటుందని.

ఆమె తల పైకెత్తి చూసింది. ఎదురుగా పాత నీళ్లట్యాంకు. దాని వెనకే, ఈ దుకాణంతో కలిపి ఎదురెదురుగా పన్నెండు రేకుల షెడ్లు: కళ్లజోళ్లు, సెలూన్, కుట్టుపని, సైకిళ్లు. రేకులు ఇంకా కొత్తగా మెరుస్తున్నాయి.

"ఇవి ఎప్పుడు వేశారు?"

"ఆర్నెల్లవుతుంది," అన్నాడు స్టెప్నీ. "అంతకుముందు ఇక్కడ పిల్లలు బంతాట ఆడేవారు. ఎవరూ ఉండేవారు కాదు."

ఎవరూ ఉండేవారు కాదు. పిట్ట అప్పటికే జీపు వైపు నడుస్తోంది.

"జీపు తియ్యండి," అంది. "హాలుకి పోదాం."

* * *

హాల్లో వరసగా బల్లలు, తెరలు, చెవులకి ఫోన్లు తగిలించుకున్న మనుషులు. రేపటి ప్రారంభోత్సవానికి గోడలకి రంగుకాగితాలు కడుతున్నారు. మాస్టారు ఆమెను చూసి చెయ్యి ఊపుతూ పరిగెత్తుకొచ్చాడు.

"నాకోసమే వచ్చావా? చొక్కా కొన్నావా?"

"నీ గదిలోకి పద."

ఆ గొంతు విని అతని నవ్వు సగంలో ఆగింది. గదిలో ఒక బల్ల, ఒక తెర, నేర్పించడానికి వాడే ఒక ఫోన్. పిట్ట తలుపు దగ్గరకి వేసింది.

"ఉత్తుత్తి కాల్ అని ఎత్తినవాళ్లకి ఎలా తెలుస్తుంది?"

"చిరునామాని బట్టి. జిల్లాకో చోటు ముందే అనుకుని పెడతాం. ఆ చోటు పేరు కొట్టగానే తెర పసుపుపచ్చగా మారుతుంది. బండి కదలదు, లెక్కలోకి రాదు, పక్కన పడిపోతుంది. నిజం ఇంటి చిరునామా పెడితే ఎవరింటికో బండి రాకుండా పోతుంది కదా, అందుకని మ్యాపులో వెతికి ఎవరూ లేని చోటు..."

"ఆఖరి జిల్లాకి ఏ చోటు పెట్టావు?"

"పాత నీళ్లట్యాంకు వెనక. ఖాళీ స్థలం."

"వెళ్లి చూశావా?"

"మ్యాపులో చూశాను పిట్టా. స్పష్టంగా ఖాళీ."

"నువ్వు చప్పట్లు కొట్టిన అమ్మాయి గొంతు వినిపించు మాస్టారూ."

అతనికి ఇంకా అర్థం కాలేదు. వెతికి పెట్టాడు. గదిలోకి ఒక ఆడగొంతు వచ్చింది.

"అయ్యా, తొందరగా రండి, మా ఆయన పడిపోయాడు, తల పగిలింది, నీళ్లట్యాంకు వెనకండి, పాత నీళ్లట్యాంకు..."

"ఊపిరి ఆడుతోందా అమ్మా?" అది మాస్టారి గొంతు. చక్కగా, తాపీగా.

"ఆడుతోందండి, మూలుగుతున్నాడు, కళ్లు తెరిచే ఉన్నాడు. నన్నే చూస్తున్నాడయ్యా!"

"చాలమ్మా చాలు. చాలా బాగా చేశారు. ఒళ్లు జలదరించింది. ఇక పెట్టేయండి."

ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఆ గొంతు, ఎంతో మర్యాదగా: "మంచిదండి. మీ మేలు మర్చిపోను."

పిట్ట మెల్లగా చెప్పింది. షెడ్ల సంగతి, నిచ్చెన సంగతి, గుమ్మంలో ముప్పావుగంట సంగతి. ఏదీ దాచలేదు, ఏదీ మెత్తబరచలేదు. ఆ మాటలు పలుకుతుంటే ఒక్కొక్కటీ తన చెంపకే తగులుతున్నట్టుంది.

మాస్టారు కూర్చోలేదు, ఏడవలేదు. మెళ్లో వేలాడే గుర్తింపు కార్డు తీసి బల్లమీద బోర్లా పెట్టాడు. తన ఫొటో తనకే కనబడకుండా.

"నాకు థాంక్స్ చెప్పింది పిట్టా," అన్నాడు. "మొన్న వినబడలేదు. అప్పటికే చెవిలోంచి తీసేశాను."

తలుపు తోసుకుని గడియారం లోపలికి వచ్చాడు. జీపు వెనకాలే వచ్చాడని, గుమ్మం బయట నిలబడి అంతా విన్నాడని మొహమే చెబుతోంది. ఆ మొహంలో స్టేషన్లో ఉన్న గీర లేదు.

"ఆవిడ మొహం మీద పేపర్ పెట్టి నవ్వాను," అన్నాడు, ఎవరితోనూ కాకుండా. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "సరే. జరిగిందేదో జరిగింది. పిట్టా, నీ పొడి, నీ నిచ్చెన చాలు. ప్రమాదమని రాసి సాయంత్రానికి ఆవిణ్ణి వదిలేస్తాను. ఈ గొంతు ముగ్గురమే విన్నాం. నాలుగో చెవిన పడక్కర్లేదు. మీ ఇల్లు నిలబడుతుంది, నా పేరూ నిలబడుతుంది, రేపటి పండగా జరుగుతుంది. ఆవిడకి కావలసింది ఇంటికెళ్లడమేగా?"

పిట్ట వెంటనే కాదనలేదు. అందుకు తర్వాత చాలాకాలం సిగ్గుపడింది. అరక్షణంపాటు, ఆ అరక్షణమే, గుమ్మంలో ఒరుసుకుని పడి ఉన్న రెండు జతల చెప్పులు కళ్లముందు మెదిలాయి. నోటిదాకా వచ్చిన "సరే" అనే మాటని బలవంతంగా మింగింది.

"ఆవిడ తనకే చెప్పడం చేతకాలేదనుకుంటోంది ఇన్‌స్పెక్టర్ గారూ. తన వల్లే ఆయన పోయాడనుకుంటోంది. అలా అనుకుంటూ ఇంటికెళ్లాలా?"

"అదొక్కటే కాదు," అన్నాడు మాస్టారు. "మిగతా జిల్లాల చోట్లు నేను తీసెయ్యలేదు."

"ఏంటి?"

"పాతవాళ్లు మర్చిపోకుండా అప్పుడప్పుడూ ఉత్తుత్తి కాల్స్ చేయిస్తుంటాం. అందుకని అన్నీ అలాగే ఉంచాను. రాష్ట్రమంతటా, జిల్లాకొక చోటు. నాలుగేళ్లుగా. అక్కడంతా ఎవరూ లేరనే నేను..." అతను తెరమీద ఏదో వెతకబోయాడు.

చెయ్యి గాల్లోనే ఆగింది. తెర పసుపుపచ్చగా మారింది. పక్కనున్న ఫోన్ మోగింది.

"హాల్లోవాళ్లు పంపుతున్నారు," అన్నాడు గొణుగుతున్నట్టు. "పాఠాలు అయిపోయాయిగా, ఇక పసుపు వస్తే చూసుకోమని నాకే పంపిస్తారు."

"ఇవాళ నాటకాల అమ్మాయిలున్నారా?"

"లేరు. నిన్నటితో అందర్నీ ఇళ్లకి పంపేశాం."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాస్టారు ఫోన్ ఎత్తాడు.

"చెప్పండి."

ముసలి గొంతు. అలిసిపోయినది. "మూతపడ్డ ఇటుకల బట్టీ దగ్గర్నుంచి బాబూ. మళ్లీ తెరిచారులే. గోడ కూలింది, ఇద్దరు కింద పడ్డారు. ఇదివరకూ ఇలా అయినప్పుడు రెండుసార్లు చేశాను, బాగుంది తాతా అని పెట్టేశారు. ఈసారైనా వస్తారా, లేక మమ్మల్నే తవ్వుకోమంటారా?"

అది నాలుగేళ్ల కిందట మొట్టమొదట కలిసిన జిల్లా.

"వస్తున్నారు తాతా," అన్నాడు మాస్టారు. ఒక చేత్తో హాల్లోవాళ్లకి సైగ చేస్తూ, రెండో చేత్తో తెరమీద పసుపు తుడిచేస్తూ. "బండ్లు రెండు కదిలాయి. నువ్వు పెట్టెయ్యకు. వచ్చేదాకా నేను లైన్లోనే ఉంటాను. వాళ్ల పేర్లు చెప్పు. పేరు పెట్టి పిలుస్తుండు, వినబడాలి వాళ్లకి."

బండ్లు చేరాయని, ఇద్దరికీ ఊపిరి ఉందని తెలిసేదాకా అతను ఫోన్ దించలేదు. గడియారం కుర్చీలో కూలబడి ఉన్నాడు. ఎంతసేపైందో చూసుకోలేదు.

"ఇంకెన్ని చోట్లు?" అడిగాడు చివరికి.

"ఇప్పుడే అన్నీ తీసేస్తాను. కానీ ఇప్పటిదాకా పక్కన పడ్డ గొంతులన్నీ వినాలి," అన్నాడు మాస్టారు. "ఒక్కొక్కటీ. ఏది నటనో, ఏది కాదో."

బయట ఎవరో రంగుకాగితాలు కట్టడానికి నిచ్చెన జరుపుతున్న చప్పుడు. పిట్ట వెళ్లి భర్త చెయ్యి పట్టుకుంది. పొద్దున్న ఇదే చెయ్యి తన కాలివేళ్లు లెక్కపెట్టింది. ఇప్పుడు మంచులా ఉంది. వదల్లేదు.

"అయితే వినండి," అంది. గొంతు సన్నమే, వణుకు లేదు. "రేపు పొద్దున్న ఎనిమిదింటికి ముగ్గురం స్టేషన్లో ఉంటాం. కోర్టు కంటే ముందు, మంత్రిగారి కంటే ముందు, ఆవిడకి చెప్పాలి. ఆవిడ సరిగ్గానే చెప్పిందనీ, సరిగ్గానే ఎదురుచూసిందనీ. మాస్టారూ, అది నువ్వు చెప్పాలి, ఆవిడ ఎదురుగా కూర్చుని. ఇన్‌స్పెక్టర్ గారూ, తర్వాత మాట మీది. పదింటికి కోర్టులో ఈ గొంతు అందరికీ వినిపిస్తాం. మాస్టారు బోనెక్కుతాడు."

"మరి ప్రారంభోత్సవం?" అన్నాడు గడియారం.

"అక్కడికి నేను వెళ్తాను," అంది పిట్ట. "జిల్లాకో చోటు ఎక్కడెక్కడుందో మైకులో చదవడానికి ఎవరో ఒకరు కావాలిగా."